లినక్సు కంప్యూటరునకు అమ్మకపు సాఫ్ట్‌వేర్ ఏల రాదు?

ప్రపంచమునందలి మహాకంప్యూటరులలో మిక్కిలి వేగము గల 500 యంత్రముల పట్టిక యొకటి ఏటేట రెండుమార్లు ప్రకటింపబడుచుండును. 2017వ సంవత్సరము నవంబరు మొదలు ఆ పట్టికలోని యంత్రములన్నియు లినక్సు మీదనే నడచుచున్నవి. మన జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారమైన కెర్నెల్ కూడ లినక్సే. 1991వ సంవత్సరమున హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లీనస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి ఆరంభించిన పని యిది. సోర్సుకోడును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును అను నియమమే దాని బలము.

కాని గుమాస్తా బల్లమీది కంప్యూటరు సంగతి వేఱు. స్టాట్‌కౌంటర్ సంస్థవారి లెక్క ప్రకారము బల్లకంప్యూటరులలో లినక్సు పాలు మొదటిసారి నూటికి నాలుగు దాటినది 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో మాత్రమే. మహాయంత్రములను, కోట్లకొలది ఫోనులను ఏలుచున్న వ్యవస్థ ముప్పదియేండ్లు గడచిన పిదపను ఒక చిన్న బల్లను గెలువలేకపోవుట చిత్రముగదా!

వెల లేకుండ దొరకు సరకును జనులు ఏల తీసికొనరని విచారించినచో అన్నిచోటుల ఒక్కటే జవాబు వచ్చును: ‘మాకు కావలసిన ప్రోగ్రాములు దానిమీద నడువవు.’ ఛాయాచిత్రకారునకు ఫోటోషాపు కావలెను. అది నేటివఱకు లినక్సునకు విడుదల కాలేదు. కచేరీలో మైక్రోసాఫ్టు ఆఫీసు కావలెను, అదియు రాలేదు. దుకాణదారునకు టాలీ కావలెను. అది విండోసు మీద నడచుటకు చేయబడినది. కావున ప్రశ్నను త్రిప్పి అడుగవలెను. జనులు లినక్సును ఏల తీసికొనరని కాక, సాఫ్ట్‌వేర్ అమ్మువారు లినక్సునకు తమ సరకును ఏల తేరు అని విచారించుట న్యాయము.

లైసెన్సు అడ్డమా?

ముందుగా ఒక అపోహను తొలగింపవలసియున్నది. లినక్సు జీపీఎల్ అను లైసెన్సు క్రింద నున్నది గనుక దానిమీద నడచు ప్రతి ప్రోగ్రాము సోర్సుకోడును బయట పెట్టవలెనని కొందఱు తలచుచున్నారు. ఇది సరికాదు. సాధారణమైన పిలుపుల ద్వారా కెర్నెల్ సేవలను వాడుకొను ప్రోగ్రాములకు ఆ నిబంధన తగులదని కెర్నెల్ లైసెన్సు పత్రముననే స్పష్టముగ వ్రాయబడియున్నది. ముఖ్యమైన సి లైబ్రరీయు అంతకంటె సడలింపు గల ఎల్‌జీపీఎల్ క్రిందనే యున్నది. తెరమీద కిటికీలను, బొత్తాములను గీయు క్యూటీ లైబ్రరీ విషయమున మాత్రము కొంతకాలము చిక్కు లేకపోలేదు. అదియు 2009వ సంవత్సరమున ఎల్‌జీపీఎల్ క్రిందికి వచ్చినది.

లైసెన్సే అడ్డమైనచో ఒరాకిల్ కంపెనీవారు 1998వ సంవత్సరముననే తమ డేటాబేసును లినక్సునకు తెచ్చియుండరు. సర్వరుల లోకమున అమ్మకపు సాఫ్ట్‌వేర్ లినక్సు మీద ధారాళముగ వ్యాపారము చేయుచున్నది. కావున చిక్కు ధర్మశాస్త్రములో లేదు. వ్యాపారములో కొంత, కొలతలలో కొంత కలదు.

పిచ్చియు పెండ్లియు

పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదు అని మనవారి సామెత. లినక్సు బల్ల యవస్థ సరిగా ఇట్టిదే. వాడువారు తక్కువ గనుక వర్తకులు రారు. వర్తకులు రారు గనుక వాడువారు పెరుగరు.

ఇది మాటవరుసకు చెప్పుచున్నది కాదు. మైక్రోసాఫ్టు కంపెనీపై అమెరికా ప్రభుత్వము నడపిన వ్యాజ్యమున న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999వ సంవత్సరము నవంబరులో వెల్లడించిన నిర్ణయములలో ఈ చక్రమే విస్తరించి వర్ణింపబడినది. విండోసునకు 70,000 పైబడిన ప్రోగ్రాములుండగా, ఐబీఎం వంటి మహాసంస్థ తెచ్చిన ఓఎస్/2 ఉచ్చదశలో సుమారు 2,500 ప్రోగ్రాములతో నిలువలేకపోయినదని ఆయన గుర్తించెను. కొత్త వ్యవస్థకు ప్రోగ్రాముల కొఱతయే కోటగోడ యని ఆ తీర్పు సారాంశము.

ఆ గోడకు కాపలా కూడ ఉండెను. కంప్యూటరు తయారుచేయువారు విండోసు పెట్టినను పెట్టకున్నను, అమ్మిన ప్రతి యంత్రమునకు మైక్రోసాఫ్టువారికి రుసుము చెల్లించు పద్ధతి యొకటి తొలినాళ్ళలో ఉండెడిది. 1994వ సంవత్సరమున అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందముచే అది నిలిచిపోయెను. కాని అప్పటికే అంగడిలో కొన్న పెట్టె తెఱచిన విండోసే కనబడుట జనులకు అలవాటైపోయెను. 2007వ సంవత్సరమున ఆసుస్ కంపెనీవారు ఈ-పీసీ అను చిన్న కంప్యూటరును లినక్సుతో అమ్మిరి. అది విరివిగ చెల్లినది. మరుసటి యేడు మైక్రోసాఫ్టువారు అట్టి చిన్న యంత్రముల కొఱకు విండోసు ఎక్స్‌పీ ఆయుర్దాయమును పొడిగించిరి. కొలదికాలముననే ఆ అంగడియు విండోసు పాలయ్యెను.

వర్తకుని పక్షమును గూడ న్యాయముగ చూడవలెను. ప్రోగ్రామును క్రొత్త వ్యవస్థకు మార్చుట ఒకనాటి ఖర్చు. దానిని ప్రతి సంవత్సరము పరీక్షించుట, దోషములు దిద్దుట, ఫోను చేసిన కొనుగోలుదారునకు సమాధానము చెప్పుట ఎడతెగని ఖర్చు. నూటికి నలుగురు వాడువారి కొఱకు ఆ ఖర్చును భరింపవలెనన్నచో లెక్కచూచు యజమాని వెనుదీయుట సహజమే. మైక్రోసాఫ్టువారే టీమ్స్ అను ప్రోగ్రామును 2019వ సంవత్సరమున లినక్సునకు తెచ్చి, 2022వ సంవత్సరాంతమున దానిని విరమించి, బ్రౌజరులో వాడుకొనుడనిరి. అడోబీవారి పీడీఎఫ్ రీడరును 2013వ సంవత్సరముతో లినక్సున ముగిసినది.

ఊరికొక కుంచము

వ్యాపారపు చిక్కును ఎట్లో దాటి, లినక్సునకు సరకు తెత్తునని ధైర్యము చేసిన వర్తకునకు ఎదురగు రెండవ చిక్కు కొలతలది. పూర్వము మన పల్లెలలో కుంచము ఊరూరికి మారుచుండెడిది. ఒక యూరి పుట్టి వేఱొక యూరి పుట్టికి సరిపోదు. 1956వ సంవత్సరపు చట్టముతో మెట్రిక్ కొలతలు వచ్చినంతవఱకు ధాన్యవర్తకులు పడిన తిప్పలు పెద్దలు ఎఱుగుదురు. లినక్సు లోకము నేటికిని ఆ స్థితిని పూర్తిగా దాటలేదు.

లినక్సు అనునది నిజమునకు కెర్నెల్ మాత్రమే. దానికి వందలకొలది ఉపకరణములను, లైబ్రరీలను చేర్చి, వాడదగిన వ్యవస్థగ కూర్చి ఇచ్చువారు వేఱు. వారి కూర్పులకు డిస్ట్రిబ్యూషన్లని పేరు. 1993లో డెబియన్, 2002లో ఆర్చ్, 2003లో ఫెడోరా, 2004లో ఉబుంటు. ఇట్లు చెప్పుకొనుచు పోయిన అంతము లేదు. డెబియన్ కుటుంబము వారిది డెబ్ మూట, రెడ్‌హ్యాట్ కుటుంబము వారిది ఆర్‌పీఎం మూట. ఒకరి మూట మఱియొకరి గోదాములో దిగదు. తెరమీది బొమ్మలకు కేడీఈ వారొక దారి, గ్నోమ్ వారొక దారి. 1984 నాటి ఎక్స్ వ్యవస్థ ఒకవంక నుండగా 2008లో వేలాండ్ అను మఱియొకటి ఆరంభమయ్యెను. శబ్దమునకు ఓఎస్ఎస్ పోయి ఆల్సా, దానిపై పల్స్‌ఆడియో, పిదప పైప్‌వైర్ వచ్చినవి. ఒక్కొక్క మార్పు వెనుక మంచి కారణమే కలదు. కాని అన్నియు కలసి బయటి వర్తకునకు ఎవరికి వారే యమునా తీరే యన్నట్లు తోచును.

అన్నిటికంటె కఠినమైనది సి లైబ్రరీ చిక్కు. క్రొత్త డిస్ట్రిబ్యూషన్ మీద కట్టిన ప్రోగ్రాము పాతదానిమీద తఱచుగ నడువదు; అది కోరు లైబ్రరీ పాతదానిలో నుండదు. కావున వర్తకుడు కావలెనని పాత వ్యవస్థను వెదకి దానిమీద తన సరకును కట్టవలసివచ్చును. ఇంత చేసినను నిశ్చింత లేదు. 2022వ సంవత్సరము ఆగస్టులో జీలిబ్‌సీ 2.36 వెలువడినపుడు దానిలోని ఒక చిన్న కూర్పు మార్పుచే ఈజీ యాంటీ-చీట్ అను రక్షణోపకరణముపై నాధారపడిన ఆటలు కొన్ని హఠాత్తుగ నిలిచిపోయినవి. కెర్నెల్ విషయమున వాడువారి ప్రోగ్రాములను చెడగొట్టరాదని టోర్వాల్డ్స్ కఠినమైన నియమము పెట్టియున్నాడు. ఆ నియమము కెర్నెల్ గడప దాటి పైయంతస్తులకు ఎక్కలేదు.

ఈ మాట బయటివారి నిందకాదు. 2014వ సంవత్సరమున పోర్ట్‌లాండు నగరమున జరిగిన డెబియన్ మహాసభలో టోర్వాల్డ్సే ఈ సంగతిని కుండబద్దలు కొట్టినట్లు చెప్పెను. నీటమునుగువారి లెక్కలు వ్రాసికొనుటకై తాను ఆరంభించిన సబ్‌సర్ఫేస్ అను ప్రోగ్రామును విండోసునకు, మాకింటోషునకు కట్టి ఇచ్చుచున్నామనియు, లినక్సునకు మాత్రము కట్టి ఇచ్చు పనిని విడిచిపెట్టితిమనియు ఆయన ప్రకటించెను. వ్యవస్థను సృజించినవానికే ఆ వ్యవస్థకు సరకు పంపుట బరువైనపుడు పరాయి వర్తకుని మాట చెప్పనేల?

కొలతలు ఏకము చేయవలెనను ప్రయత్నము జరుగకపోలేదు. లినక్సు స్టాండర్డ్ బేస్ పేర ఒక ఉమ్మడి కట్టడి ఏర్పడినది. దాని చివరి పెద్ద కూర్పు 2015వ సంవత్సరమున వెలువడెను. ఆ సంవత్సరముననే డెబియన్ వారు దానిని విడిచిరి. ఇప్పుడు ఫ్లాట్‌పాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ అను మూడు పద్ధతులు కలవు. ప్రోగ్రామునకు కావలసిన లైబ్రరీలన్నిటిని దానితోనే మూటకట్టి పంపుట వీని సారము. ఇది మంచి మార్గమే. ఐనను, ఒక్క కుంచము కొఱకు బయలుదేరి మూడు క్రొత్త కుంచములను తెచ్చికొంటిమి.

ఇద్దఱు సాహసికుల కథ

కెనడాకు చెందిన కోరెల్ కంపెనీవారు 1998వ సంవత్సరమున వర్డ్‌పర్‌ఫెక్ట్ 8ని లినక్సునకు తెచ్చి, సొంత వాడుకకు ఉచితముగ ఇచ్చిరి. జనులు సంతోషించిరి. కాని ఆ కూర్పు పాత లిబ్‌సీ5 మీద కట్టబడినది. డిస్ట్రిబ్యూషన్లన్నియు అప్పటికే క్రొత్త సి లైబ్రరీకి మారుచుండెను. కొలది యేండ్లకే మంచి ప్రోగ్రాము నడచుటకు తావు లేని పాతసరకయ్యెను. 1999లో కోరెల్‌వారు స్వంత డిస్ట్రిబ్యూషనును తెచ్చిరి. 2000లో వర్డ్‌పర్‌ఫెక్ట్ ఆఫీసును, విండోసు ప్రోగ్రాములను లినక్సుపై నడపు వైన్ సాయముతో, లినక్సునకు అమ్మిరి. అదే సంవత్సరము అక్టోబరులో మైక్రోసాఫ్టువారు కోరెల్ కంపెనీలో 13 కోట్ల 50 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టిరి. మరుసటి యేడు కోరెల్‌వారి లినక్సు శాఖ జాండ్రోస్ అను కంపెనీకి అమ్ముడుపోయెను. పైన చెప్పిన ఈ-పీసీలో నుండినది ఆ జాండ్రోస్ లినక్సే.

రెండవది లోకి కంపెనీ కథ. 1998లో కాలిఫోర్నియాలో స్థాపింపబడిన ఈ చిన్న సంస్థ విండోసు ఆటలను అనుమతితో లినక్సునకు మార్చి అమ్మినది. 1999లో వచ్చిన ‘సివిలైజేషన్: కాల్ టు పవర్’ దాని మొదటి ఫలము. పనివారు సమర్థులు, సరకు నాణ్యమైనది, కొనువారు చాలలేదు. 2002వ సంవత్సరము జనవరిలో కంపెనీ మూతపడెను. ఐనను ఆ పని వ్యర్థము కాలేదు. ఆ కంపెనీలో ప్రధాన ప్రోగ్రామరుగ నుండిన సామ్ లాంటింగా రచించిన ఎస్‌డీఎల్ లైబ్రరీ నేడు లెక్కలేనన్ని ఆటలకు ఆధారము. కంపెనీ పోయినది, అది వేసిన బాట మిగిలినది.

తాళముల చిక్కు

మఱియొక అడ్డంకి కలదు. సినిమాలు, ఆటలు అమ్మువారికి తమ సరకు దొంగిలింపబడకుండ, మోసము జరుగకుండ తాళములు కావలెను. వాడువాడు కెర్నెల్‌ను సైతము మార్చగల వ్యవస్థలో తాళమునకు నమ్మకమేమని వారి సందేహము. 2021లో ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ అను రెండు ప్రసిద్ధ రక్షణోపకరణములు లినక్సునకు దారి యిచ్చినవి. ఐనను 2024వ సంవత్సరము అక్టోబరు చివర ‘అపెక్స్ లెజెండ్స్’ ఆటవారు మోసగాండ్రకు లినక్సు ఆటపట్టగుచున్నదని చెప్పి లినక్సు ఆటగాండ్రకు తలుపు మూసిరి. స్వేచ్ఛకు, తాళమునకు గల ఈ వైరము సాంకేతికముగ మాత్రమే తీరునది కాదు. యంత్రమునకు యజమాని ఎవ్వడు, కొన్నవాడా, అమ్మినవాడా అను ప్రశ్న దానిలో నిమిడియున్నది.

గెలిచినచోట ఏమి జరిగినది?

ఇన్ని అడ్డంకులున్నను అమ్మకపు సాఫ్ట్‌వేర్ లినక్సు బల్లకు దిగిన చోటులు రెండు కలవు. అవి ఏల గెలిచినవో చూచిన మందు తెలియును.

మొదటిది చలనచిత్రముల చిత్రమాయ పరిశ్రమ. మాయా, హూడినీ, న్యూక్ అను ప్రోగ్రాములు మిక్కిలి ఖరీదైన అమ్మకపు సరకులు. మూడును లినక్సు మీద నడచును. హాలీవుడ్ స్టూడియోలు లినక్సును ఎంచుకొని, మాకిది కావలెనని అమ్మువారిని అడిగినవి. అంతటితో ఊరకుండలేదు. విజువల్ ఎఫెక్ట్స్ సొసైటీవారు 2014 మొదలు ఏటేట ఒక పట్టికను ప్రకటించుచున్నారు: ఈ సంవత్సరము కంపైలరు ఇది, సి లైబ్రరీ ఇది, పైథాన్ ఇది, క్యూటీ ఇది యని. అమ్మువారు, కొనువారు ఒకే కుంచమునకు ఒడంబడిరి. కొనువారు కూడబలుకుకొని కోరినపుడు వర్తకుడు వచ్చితీరునని దీనివలన తేలినది.

రెండవది ఆటల అంగడి. వాల్వ్ కంపెనీవారు 2013వ సంవత్సరము ఫిబ్రవరిలో స్టీమ్ దుకాణమును లినక్సునకు తెచ్చిరి. డిస్ట్రిబ్యూషన్ ఏదైనను ఆటకు మారని లైబ్రరీల కట్ట నొకదానిని తామే ఇచ్చిరి. 2015లో వెలువడిన స్టీమ్ మెషీన్లు చెల్లలేదు. వారు వెనుదీయక, వైన్‌ను మెఱుగుపఱచి 2018లో ప్రోటాన్‌ను ప్రకటించిరి. విండోసు ఆటలు మార్పు లేకుండ లినక్సు మీద నడువసాగెను. 2022లో స్టీమ్ డెక్ అను చేతియంత్రమును లినక్సుతోనే అమ్మిరి. 2025వ సంవత్సరము అక్టోబరు నాటి స్టీమ్ లెక్కలో లినక్సు వాడువారు నూటికి మూడు దాటిరి. సంఖ్య చిన్నదే, కాని పిచ్చికి, పెండ్లికి నడుమ ముడి మొదటిసారి విడివడినది.

దీనిలో ఒక హెచ్చరికయు కలదు. ఓఎస్/2 విండోసు ప్రోగ్రాములను చక్కగ నడపెడిది. అందుచేతనే ఓఎస్/2 కొఱకు వేఱుగ వ్రాయుట ఎందుకని పలువురు మానిరి. నేడు లినక్సు మీద చెదరక నిలుచు కొలత విండోసు కొలతయే యగుచున్నది. పరుల కుంచముతో ఎంతకాలము వ్యాపారము సాగునో లినక్సు పెద్దలు ఆలోచింపవలెను.

మన ముద్రణాలయముల మాట

ఈ విచారమునకు మన తెలుగు లోకముతో సంబంధము కలదు. తెలుగు ముద్రణాలయములలో పేజ్‌మేకర్ నందు అను ఫాంట్లతో కూర్పు చేయుట ఏండ్ల తరబడి సాగుచు వచ్చినది. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0, అది వెలువడినది 2001లో. అను లిపి యూనికోడ్ కాదు. ఆ ఫైలును ఆ ఫాంటు లేనిచోట తెఱచిన తెలుగునకు బదులు అర్థములేని గుర్తులు కనబడును. కావున ముద్రాపకుడు లినక్సునకు మారలేకున్నాడనుట సగము మాటయే. విక్రేత విడిచిపెట్టిన పాత ప్రోగ్రాముతో తన పుస్తకములన్నిటిని కట్టివేసికొని, క్రొత్త విండోసునకు మారుటకును వెనుదీయుచున్నాడు.

దీనికి విఱుగుడు లేకపోలేదు. తెలుగునకు యూనికోడ్‌లో 1991 మొదలు స్థానము కలదు. గిడుగు, మండలి, రామభద్ర, సూరన్న మున్నగు పేర్లతో యూనికోడ్ ఖతులు ఉచితముగ దొరకుచున్నవి. పుటలు కూర్చు స్క్రైబస్ అను ఓపెన్ సోర్సు ప్రోగ్రామునకు 2017లో వెలువడిన 1.5.3 కూర్పుతో మన గుణింతములను, ఒత్తులను సరిగ కూర్చు శక్తి వచ్చెను; ఆ మార్గమున స్థిరమైన 1.6 కూర్పు 2024 జనవరిలో వచ్చినది. ఇది అన్ని పనులకు చాలునని చెప్పుట సాహసమగును. కాని పుస్తకపు మూలప్రతిని యూనికోడ్‌లో భద్రపఱచుకొన్నవాడు రేపు ఏ ప్రోగ్రామునకైనను, ఏ వ్యవస్థకైనను పోగలడు. అట్లు చేయనివాని గ్రంథములు ఒక కంపెనీ తాళముచెవి పోయిననాడు పెట్టెలోనే యుండిపోవును.

కర్తవ్యము

కావున ఈ విషయమున చేయవలసిన పనులు మూడు. లినక్సు డిస్ట్రిబ్యూషన్ల పెద్దలు తమ స్వాతంత్ర్యమును వదలుకొనకయే, అమ్మువాడు ఒకసారి కట్టిన సరకు పదేండ్లు నడచునట్లు ఒక మెట్టును స్థిరపఱచవలెను.  సాఫ్ట్‌వేర్ అమ్మువారు ఇన్ని డిస్ట్రిబ్యూషన్లని బెదరక, ఫ్లాట్‌పాక్ వంటి ఒక మూటను ఎన్నుకొని దానికే పూచీపడవలెను. కొనువారు మాత్రము విడివిడిగ మొఱపెట్టుకొనుట మానవలెను. ముద్రాపకుల సంఘములు, వర్తక సంఘములు, విద్యాశాఖలు కొనుగోలు ఒప్పందములోనే, ఈ ప్రోగ్రాము లినక్సు మీదను నడువవలెననియు, మా దస్తావేజులు బహిరంగమైన రూపమున మాకు తిరిగి రావలెననియు షరతు వ్రాయింపవలెను. స్టూడియోలు కలసి అడిగినవి గనుక మాయా, హూడినీలు వచ్చినవి. ఒంటరిగ నడిగిన గుమాస్తాకు నేటికిని జవాబు రాలేదు.